తాటిబుర్రల బండి: ఉప్పెన సంస్మరణ సభలో ఒక టీవీ పాత్రికేయురాలి ప్రసంగం

(నవంబరు 19 సాయంత్రం కృష్ణా జిల్లా దివిసీమలోని అవనిగడ్డలో జరిగిన సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. సభలో వినిపించిన కొన్ని కుటుంబాల పేర్లు వారి కోరిక మేరకు ఇక్కడ ఇవ్వడం లేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవారు దయచేసి ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి. ఆ గోడకు ఆనుకుని ఎంతసేపు నిలబడతారు? ఇటు వచ్చి కూర్చోండి.

నన్ను పిలిచినవారు ఉప్పెన గురించి మాట్లాడమన్నారు. దివిసీమలో నిలబడి దివిసీమ వాళ్లకు ఉప్పెన గురించి నేను చెప్పేదేముంటుంది? 1977 నవంబరు 19, శనివారం. ఆ రాత్రి ఏం జరిగిందో ఇక్కడ తల నెరిసిన ప్రతి ఒక్కరికీ నాకంటే బాగా తెలుసు. అందుకని ఉప్పెన కథ నేను చెప్పను. నా పని గురించి చెబుతాను. ఎవరి ఇంట్లో పిడుగు పడినా మైకు పట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడటం నా పని. మూడు దశాబ్దాలకు దగ్గరగా అదే చేస్తున్నాను. ఆ పనిలో పోయినవాళ్లను తలుచుకోవడం ఎలాగో నాకు ఎవరు నేర్పారో చెబుతాను. ఆ నేర్పినవారు ఈ సీమ మనిషే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఒక మాట అడుగుతాను. ఉప్పెన వచ్చిన ఆ రాత్రి దృశ్యం, కదిలే బొమ్మ, మీలో ఎవరైనా చూశారా? ఒక్క చెయ్యీ లేవలేదు. లేవదు. ఎందుకంటే అలాంటిది లేదు. తర్వాతి రోజుల్లో తీసిన నలుపు తెలుపు ఫొటోలు ఉన్నాయి. పత్రికల కథనాలు ఉన్నాయి. ఆ రాత్రి మాత్రం ఎక్కడా లేదు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది ఆ ఏడాదిలోనే. ఇక్కడి ఊళ్లలో రేడియో ఉన్న ఇల్లే గొప్ప. తుపాను వస్తోందని రేడియో చెప్పింది. తుపాను అంటే గాలి, వాన అనుకున్నారు. సముద్రం లేచి ఇంట్లోకి వస్తుందని ఎవరనుకుంటారు? అయిదారు మీటర్ల ఎత్తున నీళ్లు ఊళ్ల మీదికి వచ్చాయి. సర్కారు లెక్క పదివేల మంది. ఆ లెక్క తక్కువని మీరందరూ అంటారు, నేనూ అంటాను.

ఆ రాత్రికి కెమెరా లేదు. కాబట్టి ఆ రాత్రి మొత్తం మనుషుల్లోనే ఉంది. ఈ హాల్లో, ఈ కుర్చీల్లో ఉంది. అప్పుడు పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నారు. అప్పుడు పిల్లల తల్లులైనవారు ఎంతమంది మిగిలారు? మీ ఊళ్లో ఎంతమంది, ఒకసారి మనసులో లెక్కపెట్టుకోండి. నాకు చెప్పనక్కర్లేదు.

నేను ఈ వృత్తిలోకి వచ్చింది 1996లో. తెలుగులో ప్రైవేటు చానళ్లు మొదలై అప్పటికి ఏడాది దాటిందంతే. మాకు వార్తలంటే శాంతి స్వరూప్ గారే. 1983లో దూరదర్శన్ తెలుగు వార్తలు మొదలైనప్పుడు, ఎదురుగా అక్షరాలు చూపించే తెర కూడా లేని రోజుల్లో, వార్తలన్నీ ముందే బట్టీపట్టి, తల ఎత్తి మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారాయన. చావు వార్త చెప్పేటప్పుడు ఆయన గొంతు పెరిగేది కాదు. చిన్నప్పుడు అది నాకు బాగా గుర్తుండిపోయింది. గొంతు పెంచకుండానే బాధ చెప్పవచ్చని ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే కోనసీమ తుపాను. 1996 నవంబరు 6 రాత్రి. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎంతమంది తిరిగి రాలేదో లెక్క తేలడానికి చాలా రోజులు పట్టింది. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు రొయ్యపిల్లలు పట్టుకోవడానికి కుటుంబాలకు కుటుంబాలే వెళ్లి గుడిసెలు వేసుకుని ఉండేవి. వాళ్లూ పోయారు. మేం వెళ్లేసరికి కొబ్బరితోటలన్నీ ఒకే వైపు తల వాల్చి పడి ఉన్నాయి. రోడ్డు లేదు. ఫోను లేదు. కెమెరామన్ అన్నయ్య క్యాసెట్టును పాలిథిన్ సంచిలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని, కాలవగట్టు మీద నడిచి వెళ్లి, బస్సు దొరికిన చోట డ్రైవరుకు ఇచ్చి హైదరాబాదు పంపాడు. అది తెర మీదికి రావడానికి రోజున్నర పట్టింది.

ఆ రోజున్నర గురించి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. కానీ దానివల్ల ఒక మేలు ఉండేది. మాకు టైము ఉండేది. నేను ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటే సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. వేటకు వెళ్లిన భర్త కోసం ఎదురుచూస్తున్న ఒక ఆవిడ ఆయన గురించి చాలాసేపు మాట్లాడింది. ఎలా నవ్వేవాడో, వల ఎలా అల్లేవాడో చెప్పింది. క్యాసెట్టు అయిపోయేదాకా మాట్లాడింది. అందులో ప్రసారమైంది అర నిమిషం.

చాలా ఏళ్ల తర్వాత అటువైపు వెళ్లినప్పుడు ఆవిడే నన్ను గుర్తుపట్టింది. "అమ్మాయీ, అప్పుడు నా చేత మాట్లాడించావు కదా, ఆ క్యాసెట్టు ఉందా? మా పెద్దమనవడు తాత గురించి అడుగుతున్నాడు" అంది. ఆయన ఫొటో ఒక్కటి కూడా వాళ్లింట్లో లేదు. ఉన్నవి తుపానుకు పోయాయి. ఆయన గురించి ఎక్కడైనా ఏదైనా మిగిలిందంటే అది ఆ క్యాసెట్టులో ఆవిడ చెప్పిన మాటలే. అప్పుడు ఆవిడ గొంతులో ఆయన ఇంకా బతికే ఉన్నాడు, ఎందుకంటే వస్తాడనే అనుకుంటూ మాట్లాడింది.

ఆ క్యాసెట్టు లేదు. ఆ రోజుల్లో క్యాసెట్లు ఖరీదైనవి. వార్త వెళ్లిపోయాక వాటినే చెరిపి మళ్లీ వాడేవాళ్లు. ఆ మనిషి గురించి చెప్పిన మాటల మీద ఎవరో ఏదో సభ రికార్డు చేసి ఉంటారు. ఇది ఒక్క చోట జరిగింది కాదు. చెరపకుండా దాచినవి కూడా తేమకు బూజు పట్టి పాడయ్యాయి. తెలుగు నేల మీద జరిగిన ఎన్ని విషాదాల తొలి సాక్ష్యాలు ఇలా పోయాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మనం బాధ పడుతున్న మనిషి దగ్గరికి వెళ్లి వాళ్ల మాట తీసుకున్నాం. తీసుకున్నదాన్ని దాచి ఇవ్వాలి కదా? అది వాళ్లది కదా?

ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల వార్తా చానళ్లు వచ్చాయి. 2003, 2004 నాటి మాట. జరిగిన చోటి నుంచే నేరుగా ప్రసారం చేసే ఓబీ వ్యాను వచ్చింది, లైవ్ వచ్చింది. నేను ఆ మార్పును తిట్టడానికి రాలేదు. లైవ్ వల్ల ప్రాణాలు నిలిచిన సందర్భాలు నా కళ్లతో చూశాను. ఏ కరకట్టకు గండి పడిందో, ఏ ఊరికి పడవలు కావాలో నిమిషాల్లో అధికారులకు తెలిసేది. అది గొప్ప విషయం. కానీ లైవ్‌లో మౌనానికి చోటు లేదు. ఎదుటి మనిషి మాట దొరక్క ఆగితే ఆఫీసులోని వార్తల డెస్కు నుంచి చెవిలో గొంతు వినబడుతుంది, అడుగు, ఇంకేదైనా అడుగు అని.

2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. 42 మంది చనిపోయారు. ఆ రాత్రి ఉస్మానియా ఆసుపత్రి దగ్గర మేమందరం ఉన్నాం. మైకులు ఉన్నాయి, కెమెరాలు ఉన్నాయి. మార్చురీ నుంచి బయటికి వచ్చిన ప్రతి మనిషి ముఖం మీదా ఒక లైటు పడింది. ఒక పెద్దాయన చేత్తో ముఖం కప్పుకుని, "బాబూ, నాకు ఇంటికి వెళ్లి చెప్పాల్సిన పని ఉంది, మీరు ముందే చెప్పేస్తే ఎలా" అన్నారు. అది విన్నారా? ఇంట్లో ఆయన భార్య టీవీ చూస్తోంది. ఆయన వెళ్లి చెప్పేలోగా ఆవిడకు తెలిసిపోతుంది. ఆ కబురు చెప్పే హక్కు ఆయనది. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన కబురు అది.

2014 జూన్ 8. హిమాచల్‌లో బియాస్ నది. లార్జీ డ్యాము నుంచి నీళ్లు వదిలారు. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ పిల్లలు నీళ్లలో నిలబడి ఉన్న దృశ్యం మీరందరూ చూశారు. ఎన్నిసార్లు చూశారు? ఆ పిల్లల తల్లులు ఎన్నిసార్లు చూశారు? ఒక తల్లి నాతో అంది: "మా వాడు ఇరవై ఏళ్లు బతికాడమ్మా. ఆ ఇరవై ఏళ్లలో మీకు దొరికింది ఆ ఒక్క నిమిషమేనా?" అంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు. నా వృత్తి దగ్గర కూడా లేదు. చనిపోయిన మనిషికి జీవితం ఉంటుంది. మేం ఆ జీవితంలో చివరి నిమిషాన్ని పట్టుకుని, అదే ఆ మనిషి అన్నట్టు పదే పదే చూపిస్తాం. ఏడాది తిరిగి అదే తేదీ వస్తే మళ్లీ అదే నిమిషం చూపిస్తాం. దాన్ని సంస్మరణ అంటాం.

కాసిని నీళ్లు తాగుతాను, క్షమించండి.

ఇంటి సంగతి కూడా చెప్పమని మీ నిర్వాహకుల్లో ఒక చెల్లెమ్మ అడిగింది. ఆడపిల్లలు ఈ వృత్తిలోకి రావాలనుకుంటున్నారు, వాళ్లకు చెప్పండి అంది. చెబుతాను. మా ఆయన కాలేజీలో పాఠాలు చెబుతారు. నా కూతుర్ని పెంచింది మా అమ్మ. నిజంగా పెంచింది. స్నానం, జడ, అన్నం, హోంవర్కు అన్నీ అమ్మే. పాపకు ఆరేడేళ్లప్పుడు ఒకసారి, నేను సంచీ సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి అడిగింది: "అమ్మా, తుపాను వస్తే అందరి అమ్మలూ ఇంటికి వచ్చేస్తారు కదా, నువ్వెందుకు వెళ్తావు?" ఆ ప్రశ్నకు అప్పుడు ఏదో చెప్పి నవ్వించి వెళ్లాను. ఇప్పుడు అది పెద్దదైంది, తనే నాకు సమాధానం చెబుతుంది. "ఎవరో ఒకరు వెళ్లాలి కదా అమ్మా" అంటుంది. పిల్లలు మనకంటే దయగలవాళ్లు. అమ్మాయిలూ, మీరు ఈ వృత్తిలోకి రండి. తప్పకుండా రండి. కానీ ఇంట్లో ఎవరి భుజం మీద నిలబడి మీరు ఆ పని చేస్తున్నారో ఆ మనిషిని రోజూ తలుచుకోండి.

హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబరు 12న, నేను విశాఖలో ఉన్నాను. కైలాసగిరి మీద రాడారు దెబ్బతింది, విమానాశ్రయం కప్పు ఎగిరిపోయింది, ఫోన్లు పోయాయి. విజయవాడలో అమ్మ టీవీ ముందు నుంచి కదల్లేదట. నేను తెర మీద కనబడేదాకా పొయ్యి వెలిగించలేదట. మా ఆయన చెప్పారు ఆ సంగతి. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. గాలి తిరిగిన రాత్రి ఏదైనా అమ్మకు నిద్ర ఉండేది కాదు. చిన్నప్పుడు నా చేతికి తన కొంగు ముడివేసి పక్కన కూర్చునేది. వాన వెలిసేదాకా కూర్చునేది. నాకు అది అలవాటైపోయి, అమ్మలందరూ అలాగే చేస్తారని అనుకునేదాన్ని. తర్వాత నా కూతురి చేతికి కూడా అలాగే ముడివేసింది.

అమ్మ పుట్టిల్లు ఈ సీమలోనే, నాగాయలంక అవతల. ఉప్పెనలో మా వాళ్లు పోయారని తెలుసు. తాతయ్య, చిన్న మామయ్య. అంతవరకే తెలుసు. ఊరూరా తిరిగి ఊరందరి చేత మాట్లాడించిన నాకు మా ఇంట్లో మాట అంతకుమించి తెలియదు. అమ్మ చెప్పేది కాదు. అడిగితే లేచి వంటింట్లోకి వెళ్లేది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది. మీకు గుర్తుంది కదా. పాపికొండలు చూడటానికి వెళ్లిన పడవ. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. యాభై మంది దాకా పోయారు. పడవ నది అడుగుకు వెళ్లిపోయింది. లోపల ఎవరున్నారో తెలియదు. దేవీపట్నం వైపు గట్టు మీద మనుషులు ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఒక తండ్రి ఉన్నాడు. కూతురు ఆ పడవలో ఉంది. ఆయన్ని నేను లైవ్‌లో అడిగాను. పడవ ఎప్పుడు బయలుదేరింది, మీకు ఎప్పుడు తెలిసింది, అధికారులు ఏమంటున్నారు? ఆయన అన్నిటికీ తలూపాడు. మాట రాలేదు.

ఆ రాత్రి అమ్మ ఫోను చేసింది. లైవ్ చూశానంది. "ఆయన్ని పడవ గురించి అడిగావు. ఆయనకు పడవ గురించి ఏం తెలుస్తుంది? ఆ పిల్ల గురించి అడగకపోయావా" అంది. నేను ఏదో అనబోయాను. అమ్మ వినలేదు. "నన్నూ అందరూ నీళ్లెలా వచ్చాయనే అడిగారు. పత్రికలవాళ్లు, సర్కారు వాళ్లు, బియ్యం పంచడానికి వచ్చినవాళ్లు. వాడు ఎలాంటివాడని ఒక్కరూ అడగలేదు" అంది.

అప్పుడు చెప్పింది. ఫోనులోనే చెప్పింది. ఎదురుగా కూర్చుని ఉంటే చెప్పేది కాదేమో. ఇప్పుడు ఈ సభలో చెబుతానంటే అమ్మ ఒప్పుకుంది. తను మాత్రం రాలేదు. నవంబరు పందొమ్మిదిన అమ్మ ఇల్లు కదలదు.

దీపావళి వెళ్లి వారం దాటింది. అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికి వచ్చింది. నాకు రెండేళ్లు. మామయ్యకు తొమ్మిదేళ్లు. తాటాకు ఇల్లు. పొద్దుటి నుంచీ గాలి. చీకటి పడ్డాక నీళ్లు. నీళ్లు వచ్చాయని అనుకునేసరికి నడుములోతు, పిల్లల్ని ఎత్తుకునేసరికి మెడలోతు. తాతయ్య అందర్నీ కప్పు మీదికి ఎక్కించాడు. తను ఎక్కలేదు. ఎక్కడానికి ఆయనకు ఆసరా ఇచ్చేవాళ్లు లేరు. అమ్మ నన్ను తన చీరతో గుండెకు కట్టుకుంది. తమ్ముడి చెయ్యి పట్టుకుంది. కప్పు ఇంటి మీద నుంచి లేచి కొట్టుకుపోయింది. ఎక్కడో తుమ్మచెట్లకు తగిలి చీలిపోయింది. అమ్మ ఒక కొమ్మను చుట్టుకుంది. ఆ ముళ్ల గాట్లు ఇప్పటికీ మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా ఉన్నాయి. అవి వంట చేసేటప్పుడు కాలిన మచ్చలని నాకు చిన్నప్పుడు చెప్పింది.

మామయ్య చాలాసేపు అమ్మతోనే ఉన్నాడు. "అక్కా, చలేస్తోంది" అన్నాడట. "ఇంకాసేపు ఓర్చుకో నాన్నా" అందట అమ్మ. తర్వాత ఎప్పుడో చూసుకుంటే చేతిలో చెయ్యి లేదు. "నేను వదిలానో, వాడే జారాడో నాకు తెలియదమ్మా. ఇప్పటికీ తెలియదు" అంది.

తెల్లారేసరికి చుట్టూ నీళ్లు. పశువులు, మనుషులు తేలుతున్నారు. ఒంటి మీద బట్ట ఉన్నవాళ్లు లేరు. అమ్మకు మిగిలిందల్లా నన్ను కట్టుకున్న చీర. దాన్ని విప్పితే నేను పడిపోతాను. ఎవరో పెద్దాయన తన భుజం మీద ఉన్న గోనెసంచి ఇచ్చాడట, తల పక్కకు తిప్పుకుని. ఆయన ఎవరో అమ్మకు తెలియదు. ఇన్నేళ్లలో ఆయనకు దణ్ణం పెట్టుకోని రోజు లేదంది. ఆ పెద్దాయన మీ ఊరివాడే అయి ఉండవచ్చు. మీ నాన్నగారో, మీ తాతగారో అయి ఉండవచ్చు.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా" అన్నాను. "చెబితే, నిన్ను దక్కించుకోవడానికి వాణ్ణి పోగొట్టుకున్నానని నీకు అనిపిస్తుందేమోనని" అంది.

అప్పుడు అడిగాను. "మామయ్య ఎలా ఉండేవాడమ్మా?" ఫోనులో కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత అమ్మ నవ్వింది. నిజంగా నవ్వింది. తాటిబుర్రల బండి చేసేవాడంది. మీకు తెలుసు కదా? ముంజలు తినేసిన బుర్రలు రెండు, మధ్యలో ఒక పుల్ల, తోయడానికి పంగలకర్ర. ఈ పిల్లలకు తెలుసా? మీ తాతలను అడగండి, చేసిస్తారు. మామయ్య ఆ బండి తోసుకుంటూ కాలవగట్టు మీద పరుగెత్తేవాడట. కండక్టరులాగా అరిచేవాడట. నాగాయలంక, అవనిగడ్డ, పులిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి! ఒక్క ఊరు కూడా వదలడు. మధ్యలో ఎవరైనా పెద్దవాళ్లు ఎదురైతే ఆపి, టిక్కెట్టు అని చింతాకు చింపి ఇచ్చేవాడట. నా కోసం చిన్న బుర్రలతో ఒక బండి చేశాడు. నాకు సరిగా నడక కూడా రాదు. నన్ను నిలబెట్టి, నా చేతిలో పుల్ల పెట్టి, వెనకాల తను పట్టుకుని తోసేవాడు.

ఇంత ఉంది ఆ పిల్లవాడి గురించి. ఇంత ఉంది! అన్నేళ్లూ నాకు తెలిసిందల్లా "చిన్న మామయ్య ఉప్పెనలో పోయాడు" అనే ఒక్క వాక్యం. పదివేలలో ఒకడు. ఇప్పుడు నాకు ఒక మామయ్య ఉన్నాడు. కండక్టరు కావాలనుకున్న మామయ్య.

మర్నాడు పొద్దున్నే గట్టు మీదికి వెళ్లి ఆ తండ్రి పక్కన కూర్చున్నాను. మైకు సంచీలో పెట్టేశాను. "మీ అమ్మాయి ఏం చదివిందండీ?" అని అడిగాను. అంతే. ఆయన మధ్యాహ్నం దాకా మాట్లాడాడు. ఆయన అనుమతి తీసుకున్నాకే కెమెరా పెట్టాం. ఆ అమ్మాయి మొదటి జీతంతో ఆయనకు కళ్లజోడు కొనిచ్చింది. ఆయన ఆ కళ్లజోడు తీసి, తుడిచి, కెమెరాకు చూపించాడు. ప్రసారమైంది ఎప్పటిలాగే కొద్దిగా. మిగతాది నేను దాచాను.

కొద్దిరోజులకు కెమెరాలు వెళ్లిపోయాయి. వాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. వెళ్లలేరు కదా. అక్టోబరు 22న ధర్మాడి సత్యం గారి బృందం ఆ పడవను పైకి తీసింది. కాకినాడ మనిషి, ఎంతటి పట్టుదల! అప్పుడు మళ్లీ కెమెరాలన్నీ వచ్చాయి. ఆ మధ్య నెల రోజులకు పైగా ఆ గట్టు మీద ఏం జరిగిందో ఏ చానల్‌లోనూ లేదు. నన్ను అడిగితే, దుఃఖమంటే ఆ మధ్య రోజులే. పడవ మునిగిన రోజూ కాదు, తేలిన రోజూ కాదు. ఆయనకు నేను దాచిన రికార్డింగు మొత్తం ఒక పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాను. కూతురి పెళ్లి ఫొటోల కోసం కొన్న ఆల్బంలో, ఖాళీ పేజీలో, ఆ పెన్‌డ్రైవు పెట్టుకున్నాడు.

అప్పటి నుంచి నా పని పద్ధతి మారింది. 2020 మే 7న విశాఖ దగ్గర వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది పోయినప్పుడు కూడా అంతే. ముందు ఆ మనిషి గురించి అడుగుతాను. ఎలా పోయారని తర్వాత, వాళ్లు చెబితేనే. రికార్డు చేసిన ప్రతిదీ ఆ కుటుంబానికి ఒక ప్రతి ఇస్తాను. వర్ధంతి కాని మామూలు రోజున మళ్లీ వెళతాను. డెస్కులో కొందరు ఇది వార్త కాదంటారు. ఉండవచ్చు. నేను వాదించను, చేస్తూ పోతాను.

ఉప్పెనను గుర్తుపెట్టుకోవడం వల్ల ప్రయోజనం ఏమిటని కుర్రవాళ్లు అడుగుతుంటారు. ఒక్కటే చెబుతాను. 1990 మేలో మళ్లీ ఈ తీరానికే పెద్ద తుపాను వచ్చింది. లక్ష మందికి పైగా జనాన్ని ముందుగానే తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపే. అదీ చిన్న సంఖ్య కాదు, ఒక్కరు పోయినా ఒక ఇల్లు పోయినట్టే. కానీ 1977లో ఏం జరిగిందో తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. లేవండి, వెళ్లండి, సామాన్లు వదిలెయ్యండి అని చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు చెబితే జనం కదిలారు. తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి, అదంతా నిజమే. కానీ కదలమని చెప్పే ముసలమ్మ లేకపోతే షెల్టరు తలుపు ఎవరు తడతారు?

ఆ రోజుల్లో ఈ సీమ కోసం చాలామంది కదిలారు. ఈ సీమ నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు శవాల మధ్య తిరిగి పనిచేశారు. ఎన్టీ రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు జోలె పట్టి ఊరూరా విరాళాలు అడిగారు. వారి పేర్లు మనకు తెలుసు, తెలియాలి కూడా. వారికి నా నమస్కారం. కానీ పోయినవాళ్ల పేర్లు? మీ ఊరి స్మారక స్తంభం మీద ఎన్ని పేర్లున్నాయి? మా తాతయ్య పేరు ఎక్కడా లేదు. మామయ్య పేరు ఎక్కడా లేదు. బడిలో హాజరుపట్టీ ఉండి ఉంటుంది, అది కూడా నీళ్లలో పోయింది.

అందుకని ఒక పని మొదలుపెట్టాను. కష్టమైనదేం కాదు. ఊరు, ఇంటిపేరు, మనిషి పేరు, అప్పటి వయసు. తర్వాత ఒక్క సంగతి, ఆ మనిషి బతికి ఉండగా చేసింది. ఉప్పెన గురించి కాదు. ఆవకాయ బాగా కలిపేదా, చెట్టెక్కేవాడా, అప్పులు ఎగ్గొట్టేవాడా, ఏదైనా సరే. పోయినవాళ్లందరూ దేవుళ్లని రాయనక్కర్లేదు. మనుషులని రాస్తే చాలు. పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదు. "చెరువుగట్టు ఇంట్లో చంటిబిడ్డ" అన్నా రాస్తాను.

బాబూ, నువ్వు, ముందు వరసలో ఫోనులో రికార్డు చేస్తున్నావు కదా. నన్ను రికార్డు చేసింది చాలు. పక్కన కూర్చున్న ఆ తాతగారిని చెయ్యి. నీకు ఏమవుతారు? తాతయ్యేనా? ఆయన్ని నీళ్ల గురించి అడగకు. అప్పుడు తనతో ఆడుకున్న పిల్లల పేర్లు అడుగు. వెంటనే చెప్పకపోతే తొందరపెట్టకు. లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వు. ఇంకోరోజు అడుగు.

నేను రేపు, ఎల్లుండి ఇక్కడే ఉంటాను. రేపు పొద్దున ఎనిమిదింటి నుంచి ఈ హాలు పక్క గదిలో కూర్చుంటాను. నాతో మా అమ్మాయి కూడా ఉంటుంది, కెమెరా తనదే. కెమెరా వద్దనేవారికి గొంతు మాత్రమే తీసుకుంటాం. అదీ వద్దంటే నేను కలంతో రాసుకుంటాను. నడవలేనివారు ఎవరైనా ఉంటే ఊరు, ఇల్లు చెప్పండి, మేమే వస్తాం. గుమ్మం దగ్గర ఒక పుస్తకం పెట్టాం, వెళ్లేటప్పుడు అందులో రాసి వెళ్లండి. మీ దగ్గర తీసుకున్నది ఏదైనా, ఒక ప్రతి మీకు ఇచ్చాకే నేను ఊరు వదులుతాను.